దూదిపుల్ల ఎంత లేచింది?

"మళ్ళీ తేడా వచ్చిందా?" అంది పెద్ద డాక్టరు చేతి తొడుగులు విప్పుతూ. ఆ అడగడంలో దిగులేమీ లేదు. నిజం చెప్పాలంటే లోలోపల సంబరంగానే ఉంది.

చిన్న డాక్టరు అవునన్నట్టు తలూపి, కొలతల చీటీలు ఫైల్లో పెట్టుకుంది. ఆమె పెద్ద డాక్టరుకి శిష్యురాలే కాదు, కోడలు కూడా. ఆస్పత్రిలో మేడమ్ అనాలి, ఇంట్లో అత్తయ్యా అనాలి. చివాట్లు మాత్రం రెండుచోట్లా ఒకటే.

గొడవంతా ఒక దూదిపుల్ల గురించి. దగ్గినా నవ్వినా మూత్రం జారిపోయే ఆడవాళ్ళకి, మత్తుమందు పూసిన సన్నటి దూదిపుల్లని మూత్రనాళంలో ఉంచి దగ్గమంటారు. నాళానికి పట్టు సడలితే పుల్ల పైకి లేస్తుంది. ఎంత లేచిందో కోణమానినితో కొలుస్తారు. అంతే పరీక్ష. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా కొలిచినా ఒకే లెక్క వస్తుందని కోడలి థీసిస్. రాదని అత్తగారి పట్టుదల. ఇప్పటిదాకా ఒక్క పేషెంటు దగ్గరా వచ్చి చావలేదు.

"నీ ముందు ఒక దగ్గు దగ్గుతారు, నా ముందు ఇంకో దగ్గు దగ్గుతారు. మధ్యలో పుల్లేం చేస్తుంది పాపం?" అంది అత్తగారు. "ఈ చివరావిడతో కూడా కుదరకపోతే వేరే టాపిక్ చూసుకో. మళ్ళీ మొదట్నుంచి."

కోడలు దిగులుగా తలుపు తీసి పేషెంటుని పిలిచింది.

చివరావిడ లోపలికొచ్చింది. బొద్దుగా, నెమ్మదిగా ఉంది. "దగ్గితే చాలు తడిసిపోతోందమ్మా. ఉద్యోగం ఊడేలా ఉంది" అని గుసగుసగా మొరపెట్టుకుంది.

"బాగుచేద్దాం, భయపడకండి. ముందు నేను కొలుస్తాను, తర్వాత మేడమ్ కొలుస్తారు. మీరు దగ్గితే చాలు."

"ఎలాంటి దగ్గు కావాలమ్మా?"

కోడలికి అంత దిగులులోనూ నవ్వొచ్చింది. "గట్టి దగ్గు. రెండుసార్లూ ఒకేలా దగ్గారంటే మీకు పుణ్యముంటుంది."

ఆవిడ దగ్గింది. ట్రేలో కత్తెరలు గలగలమన్నాయి. తెర అవతల నర్సు ఉలిక్కిపడింది. కోడలు కొలిచి, చీటీ మీద రాసి, మడిచి బయటికెళ్ళింది. అత్తగారు లోపలికొచ్చింది. మళ్ళీ దగ్గు, మళ్ళీ కత్తెరలు.

నర్సు చీటీలు రెండూ విప్పింది. "నలభై రెండు. ఇదీ నలభై రెండేనండి."

"ఏదో గుడ్డిగా తగిలింది. మళ్ళీ చూద్దాం" అంది అత్తగారు. "మీకేం ఇబ్బంది లేదుగా?"

"ఎన్నిసార్లయినా దగ్గుతానమ్మా" అంది పేషెంటు హుషారుగా.

మళ్ళీ నలభై రెండే. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి కొలిచింది. ఊహూఁ, నలభై రెండు దగ్గర మొండికేసింది పుల్ల.

కోడలు గెంతులేసింది. నర్సుని పట్టుకుని గిర్రున తిప్పింది. "వదలండి మేడమ్, కళ్ళు తిరుగుతున్నాయి" అంటూనే నర్సూ నవ్వుతోంది. అత్తగారు కాసేపు మూతి ముడుచుకుంది గానీ, ఆ సంబరం చూసి ఆవిడా ఉండబట్టలేకపోయింది.

"సరేలే, ఒప్పుకుంటున్నా. దగ్గు మారదు, పుల్లా మారదు. పరీక్ష భేషైందని రాసుకో తల్లీ."

"అత్తయ్యా" అంటూ ఆస్పత్రని కూడా చూడకుండా కోడలు ఆవిణ్ణి వాటేసుకుంది. చెప్పలేనంత ఆనందంగా ఉంది ఆమెకి.

పేషెంటు బట్టలు సర్దుకుని బల్ల దిగింది.

"అంత తొందరేంటండీ? కూర్చోండి, టీ తాగి వెళ్దురుగాని" అంది కోడలు.

"టైము లేదమ్మా, డబ్బింగులో హీరో తల్లికి దగ్గాలి."