కమెడియన్ చేతులు

తెరమీద కమెడియన్ పదోసారి చేతులు కడుక్కుంటుంటే, అనకాపల్లి చర్చి హాలంతా పగలబడి నవ్వింది. అందులో అంతోనమ్మ గొంతే పెద్దది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

మానసిక జబ్బుల గురించి చెప్పడానికొచ్చిన డాక్టర్ శాంతికుమార్ వీసీడీ ఆపాడు.

"మీకిది కామెడీ. నిజానికి జబ్బు. మురికి అంటుకుందన్న భయం మనిషిని వదలదు, ఎంత కడిగినా తీరదు. సినిమాలో ఇతనికి పెళ్లితో నయమైపోయింది. బయట అలా కుదరదు, మందులు వాడాలి."

అంతోనమ్మ మెల్లగా లేచింది.

"పొగరు కాదా బాబూ?"

"కాదమ్మా."

"దెయ్యవూ కాదా?"

"కాదు. మీకు తెలిసినవాళ్లెవరికైనా ఉందా?"

"మా అమ్మాయి సుజికి. సేతులు పుండ్లైపోయినా కడుగుతూనే ఉంటాది. రెండేళ్లనుంచి ఉపవాస ప్రార్థనలు సేయించేం. వాతలూ పెట్టేం."

డాక్టర్ రిమోట్ బల్లమీద పెట్టేశాడు.

"సాయంత్రందాకా ఇక్కడే ఉంటాను. తీసుకురండి."

ఆమె అప్పటికే గుమ్మం దాకా వెళ్లింది.

"తెత్తాను బాబూ. ముందు తాడు ఇప్పాలి. ఇక్కడ సినిమా ఏత్తారంటే వచ్చేను. నాను లేనప్పుడు కుళాయికాడికి పోతాదని, దాని సేతులు మంచానికి కట్టేసేను."