ఎనిమిదో మాట

"మేడమ్, ఏడు మాటలు మీరు చెప్పినట్లే చెప్తా. ఆ ఎనిమిదోది మాత్రం నా నోట్లోంచి రాదు" అంటూ భవాని లేచి నిలబడింది.

నంద్యాలలో ఆశా కార్యకర్తల శిక్షణకు అది ఆఖరి రోజు. వాగు పొంగి ఊరికి ఊరే కొట్టుకుపోతే, మిగిలినవాళ్ళంతా వచ్చి ఆళ్లగడ్డ శిబిరంలో తలదాచుకున్నారు. వాళ్ళ మనసుల్ని ఎలా కుదుటపరచాలో మూడు రోజులుగా సుష్మ మేడమ్ నేర్పుతోంది. బోర్డు మీద ఎనిమిది సూత్రాలు రాసింది. ఎదుటి మనిషి చెప్పేది వినాలి, ఏడవొద్దని అనకూడదు, సలహాలు దంచకూడదు... ఏడో సూత్రం దాకా హాల్లో అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. ఎనిమిదోది ఇదీ: "లేచేటప్పుడు 'పోయొస్తాను' అని తప్పకుండా చెప్పాలి."

"ఎందుకు రాదు?" అంది సుష్మ.

"సావింట్లో పోయొస్తామని చెప్తారా మేడమ్? ఇంగో సావుకు మళ్ళా వస్తామన్నట్ల గాదూ! అట్లాంటి ఇంట్లోంచి మాట్లాడకుండా లేసి, ఎనక్కి సూడకుండా వచ్చేస్తాం మేము."

హాలంతా అవునవునంది. సుష్మకు మాత్రం ఆ సంగతి తెలియదా ఏం, ఆమె కూడా తెలుగింటి పిల్లే. కానీ పుస్తకంలో అలా ఉంది మరి!

"అది చావిల్లు కాదు భవానీ, శిబిరం. నీ పరీక్ష అక్కడే, మధ్యాహ్నం రామమ్మ అనే ఆమె దగ్గర నువ్వు కూర్చోవాలి. మూడు నెలలుగా ఆమె నోరు విప్పలేదు. ఇవాళ కూడా మాట్లాడకపోతే రేపు దూరంగా పెద్దాసుపత్రికి పంపేస్తారట."

భవాని ఆ మాటే తలుచుకుంటూ బస్సెక్కింది. ఊరు పోయింది. ఇప్పుడు చుట్టూ ఉన్న ఆ నాలుగు తెలిసిన ముఖాలు కూడా లేకుండా చేస్తే, ఆ తల్లి ఇంక మనుషుల్లో పడుతుందా?

ఆళ్లగడ్డలో బస్సు దిగి శిబిరం షెడ్డులో అడుగు పెట్టగానే, అక్కడ వంట చూసే గుల్జార్‌బీ భవాని చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"సూడు బేటీ, ఆమె మొగుడు గురవయ్య నీళ్ళల్లో కొట్టుకపోయినాడు. శవం దొరకలా. ఈమె బొట్టు తుడ్చలా, గాజులు తియ్యలా. ఆయప్ప వస్తాడనే కూసోనుంది. నువ్వు సావింటికి వచ్చినట్ల మొగం పెట్టినావంటే అంతే సంగతులు!"

భవానికి బుర్ర తిరిగిపోయింది. పోయొస్తానంటే ఇంకో చావు కోరినట్టు. అనకుండా లేచి వస్తే, నీ మొగుడు చచ్చాడని ముఖం మీద చెప్పినట్టు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అంటే ఇదే కాబోలు! మూడు రోజుల పాటు ఇచ్చిన కాగితాల్లో ఒక్కదాంట్లోనూ దీనికి జవాబు లేదు.

రామమ్మ చాప మీద గోడవైపు తిరిగి కూర్చుంది. రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు. వెంట వచ్చిన సుష్మ దూరంగా కుర్చీ వేసుకుని, మార్కుల కాగితం ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, నేను భవానిని. నీకాడ కూసుందామని వచ్చినా."

రామమ్మ గోడవైపు నుంచి తిరగలేదు.

"మాట్లాడాలని లేకుంటే మాట్లాడొద్దులే. ఊరికే కూసుంటా."

అరగంట గడిచింది. గుల్జార్‌బీ ఇద్దరికీ టీ తెచ్చింది. రామమ్మ గ్లాసు ముట్టుకోలేదు. చావింట్లో ఏమీ తాగరు కదా, మరి ఇది చావిల్లా కాదా అని తేలక, భవాని కూడా గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చుంది. రెండు టీలూ చల్లారి మీగడ కట్టాయి. ఏడు సూత్రాలూ అయిపోయాయి. సుష్మ చేతి గడియారం చూపించింది.

భవాని లేచింది. 'పో...' అనబోయింది. గాజులు చూస్తే చెప్పాలనిపించింది, ముఖం చూస్తే వద్దనిపించింది. చివరికి చిన్నప్పటి అలవాటే గెలిచింది. తల వంచుకుని, మాట్లాడకుండా గడప దాకా వచ్చేసింది. సుష్మ ఎనిమిదో గడిలో సున్నా పెట్టింది.

"ఓ పాపా!"

భవాని ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. రామమ్మ గోడను వదిలి ఇటు చూస్తోంది.

"ఒక మాటన్నా చెప్పకుండా యాడికి పోతాండావ్? నువ్వూ అంతేనా? సుట్టాలు వచ్చిరి, సార్లు వచ్చిరి, డాక్టరమ్మ వచ్చె. అందరూ ఇట్లనే నోరు మూసుకోని లేసి, ఎనక్కి సూడకుండా పాయిరి. ఒక్కరన్నా మళ్ళా రాలా."

అయ్యో, ఎంత పని చేశాను! భవాని ఒక్క అంగలో వచ్చి ఆమె ముందు కూలబడింది. సూత్రాలన్నీ గంగలో కలిశాయి.

"తప్పయిపాయ అక్కా! అన్న సచ్చినాడని గాదు నేనట్ల లేసింది. వస్తాడు, గురవయ్యన్న తప్పకుండా వస్తాడు!"

రామమ్మ ఆమెను జాలిగా చూసింది.

"ఆయప్ప యాడొస్తాడు పాపా, నా కండ్ల ముందరే నీళ్ళల్లో మునిగిపాయ. ఈ గాజులు తీసేటప్పుడు పక్కన కూసునేదానికి ఒక మనిషి గావాల. నువ్వన్నా రేపు మళ్ళా వస్తానని చెప్పి పో."