బాక్స్ నంబరు నలభై ఒకటి

“గురక ఉందా?” అని అడిగేసింది ఆమె, కుర్చీలో సరిగా కూర్చోకుండానే.

టేబులుకి అటువైపున్న బస్సు డిపో మెకానిక్ గతుక్కుమన్నాడు. చేతిలోని పరిచయాల పత్రికను చుట్ట చుట్టి, మళ్ళీ విప్పాడు. ఈ టీ దుకాణంలో ఒకరినొకరు గుర్తుపట్టడానికి ఇద్దరూ తెచ్చుకున్నది ఆ పత్రికే.

“ఉందండీ. దాచడమెందుకు, పక్క గదిలోకి వినిపిస్తుంది.”

ఆ జవాబు ఆమెకు నచ్చింది. కళ్ళద్దాల దుకాణంలో పదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. చూపు ఎక్కడ మసకబారుతుందో, మాట ఎక్కడ తడబడుతుందో ఇట్టే పసిగడుతుంది.

ఫోన్లో వేలు కదిపితే వందమంది దొరికే రోజుల్లో ఈ కాగితం ప్రకటనలేమిటని దుకాణంలో అందరూ ఆటపట్టించారు. ఆ ఫోను ముచ్చటా తీరింది. పోయిన ఏడాది ఒక పెద్దమనిషి రెండు నెలలు తేనె పూసిన కబుర్లు చెప్పి, కలుద్దామనేసరికి అజాపజా లేకుండా పోయాడు. వారం రోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అప్పుడే ఆమె ఈ పత్రిక కొనుక్కొచ్చింది. అందులో బాక్స్ నంబరు నలభై ఒకటి దగ్గర కళ్ళు ఆగాయి. “ఉదయం నడక, సాయంత్రం రేడియో. తోడు కావాలి. అబద్ధాలు వద్దు.”

ఆ నంబరుకి ఆరు ఉత్తరాలు వెళ్ళాయి, ఆరు వచ్చాయి. వచ్చినవన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

“కోపం?”

“ఆకలేస్తే పులి. నాలుగు మెతుకులు పడితే పిల్లి.”

“వంట?”

“వచ్చు. ఉప్పు మాత్రం పక్కన ఇంకొకరు చూసుకోవాలి.”

ఆమె నవ్వాపుకుంది. ఇక అతని వంతు.

“పొద్దున్నే పాటలుంటాయని ఉత్తరంలో ఉంది. నిజమేనా?”

“నిజమే. శ్రుతి ఉండదు. పాడొద్దంటే మాత్రం ఈ సంబంధం ఇక్కడితో సరి.”

“అయ్యో, ఎవరొద్దంటారండీ! పగలంతా మా ఇంట్లో రేడియో తప్ప ఇంకో గొంతు వినపడదు.”

ఆమె టీ గ్లాసు పక్కకి జరిపింది. ఫోనులో జరిగిందంతా చెప్పి, “ఇంకోసారి అలా అయితే మా ఇల్లు తట్టుకోలేదండీ” అంది మెల్లగా.

“మాదీ అంతే. ప్రకటన వేసినప్పటి నుంచి పోస్టు వేళకి గుమ్మంలో కుర్చీ పడుతోంది. ఉత్తరం వచ్చిన రోజే గడ్డం గీసుకోవడం. మోసం చేసే ఓపిక ఎక్కడుంది మా దగ్గర?”

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు.

“మీ ఇంట్లో ఇష్టమేనా?” అన్నాడతను.

“ఇష్టం కాబట్టే వచ్చాను. మరి మీ వైపు?”

“అడ్డు చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చెప్పట్లేదు.”

“అయితే ఖాయం చేసేద్దామా?”

“చేసేద్దాం.”

గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది ఆమెకు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, లేచి వెళ్ళి దుకాణం తలుపు తీసింది. బయటి బెంచీ వైపు తిరిగి కేకేసింది.

“అమ్మా, కబుర్లు చాలుగానీ, వీళ్ళ నాన్నగారిని తీసుకుని లోపలికి రా!”