మూత వాసన

మూత తిప్పగానే పండ్లరసం సీసాలోంచి పురుగుమందు వాసన గుప్పుమంది.

కంపెనీ మేనేజరు చటుక్కున ముక్కు మూసుకుని సీసాని దూరంగా జరిపింది.

పొద్దున్నే ఎవరో దాన్ని కాగితంలో చుట్టి కొత్త వాచ్‌మన్ చేతికిచ్చి, సామానుతో బస్సెక్కి వెళ్ళిపోయారట. పేరు చెప్పలేదు. సీలు తెగి ఉంది. రసం మాత్రం ఒక్క గుక్కా తగ్గలేదు.

ఆమె ముందు సరుకు లారీలు ఆపించింది. తర్వాత సూపర్‌వైజరుని పిలిపించింది.

ఇళ్ళ నుంచి ఖాళీ సీసాలు వెనక్కి తెప్పించి, కడిగి, మళ్ళీ నింపే పద్ధతి ఆ కంపెనీలో మొదలై ఏడాది. ఖాళీ సీసా దొరికితే జనం ఊరుకోరు. కిరోసిన్ పోస్తారు, యాసిడ్ పోస్తారు, మొక్కల మందు పోస్తారు. అందుకే కడిగే ముందు ప్రతి మూతా వాసన చూడటానికి ఒక పెద్దావిడని పెట్టారు. గాజుకి పట్టింది కడిగితే పోతుంది గానీ, మూత లోపలి రబ్బరు వాసన వదలదని చెప్పింది ఆవిడే. అందరూ ముక్కు మామ్మ అని నవ్వేవారు.

"మామ్మ చూశాక కూడా ఇదెలా దాటింది?"

ఆవిణ్ణి పదిహేను రోజుల క్రితమే మానిపించామన్నాడు సూపర్‌వైజరు. మరీ నెమ్మదని, చాదస్తమని, మంచి మూతలు కూడా పక్కన పడేస్తోందని గొణిగాడు.

మేనేజరు ముఖం ఎర్రబడింది. మామ్మని మానిపించిన కాగితం మీద సంతకం తనదే. చదవకుండా పెట్టింది.

"పక్కన పడేసినవి ఏం చేశావు?"

అతను గోడ వైపు చూశాడు.

"నూటికి తొంభై అయిదు మూతలు మళ్ళీ వాడుతున్నామని గోడంతా రాయించుకున్నాం. ఆ తొంభై అయిదు ఎలా వచ్చింది బాబూ?"

ఆఖరి రోజు మామ్మ ఏరిపెట్టిన డబ్బాడు మూతల్నీ తానే మిషన్‌లో గుమ్మరించానని ఒప్పుకున్నాడు.

ఆమె సీసా తెచ్చిన మనిషిని ఎలాగైనా వెతకమంది. ముందు క్షమాపణ చెప్పుకోవాలి, తర్వాత అది ఏ కొట్లో కొన్నారో కనుక్కోవాలి.

సూపర్‌వైజరు సీసా మీది లాట్ నంబరు చూశాడు, మామ్మ ఆఖరి రోజు నింపిన సరుకే. చుట్టిన కాగితం చూశాడు. అది రెండో తరగతి లెక్కల పుస్తకం అట్ట.

"వెతకక్కర్లేదు మేడమ్. ఇది రెండో తరగతి చదివే మా పాప బడి ఎదురు కొట్లోది. ముక్కు మామ్మ రోజూ మధ్యాహ్నం అక్కడ నిలబడి పిల్లల సీసాల మూతలు వాసన చూస్తోందట. నిన్న మా పాప తాగబోతుంటే లాక్కుంది. పని పోయిన కచ్చతో చేస్తోందనుకున్నాను. పసిపిల్లల నోటి దగ్గరిది లాక్కునే దొంగ అని అరిచి, నలుగురి ముందు ఆవిణ్ణి రోడ్డు మీదకి తోసేసింది నేనే. కింద పడ్డాక కూడా సీసా వదల్లేదు మేడమ్."