మైకులో మార్త గొంతు

ఏసోబు ఉల్లిగడ్డల ఆటో గంగారం అడవిదారిలో ఆగిపోయేసరికి చీకటి పడింది. బ్యాటరీ పూర్తిగా చచ్చింది. లైటు లేదు, మైకూ లేదు.

"ఎర్రటి ఉల్లిగడ్డలు! రా అక్కా, రా అవ్వా!" అంటూ పొద్దంతా అరిచే ఆ మైకును తిట్టని వాడ లేదు. అయినా ఏసోబు ఎన్నడూ ఆపలేదు. రికార్డులో ఉన్నది భార్య మార్త గొంతు. పక్షవాతంతో మూడు నెలలుగా మానుకోట దవాఖానలో పడి ఉన్న ఆమెకు ఇప్పుడు మాటే లేదు.

కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగాయి. మైకు గరగరలాడింది.

"ఎర్రటి ఉల్లిగడ్డలు!"

ఏసోబు మైకు వైరు పీకేశాడు. గొంతు ఆగలేదు.

"ఇగ చాలు తియ్. నన్నెంతసేపు ఈ మైకుల ఒర్రబెడ్తవ్? ఆకలైతుంది, జల్ది రా."

ఆ మాట రికార్డులో లేదు.

జేబులో ఫోను మోగింది. దవాఖాన నంబరు. చెవిన పెట్టుకోకముందే ఏసోబు అన్నాడు, "వస్తున్న, మార్తా."