చీలమండ లోతు నీళ్లు

ఇలా దగ్గరికి జరుగు, మీ అమ్మ కారు తాళం సంగతి చెప్తాను.

మీ అమ్మ ఆఫీసుకు వెళ్తుంటే దారిలో ఆగిపోయిన కరెంటు కారును షెడ్డుకు లాక్కొచ్చారు. మీ నాన్న తాళం గుప్పిట్లో బిగించి అరుస్తున్నాడు.

“వాన నీళ్లలో తోలావు! ఇక స్టీరింగు ముట్టుకోకు.”

“నీళ్లున్నాయనే చుట్టు తిరిగి వెళ్లానండీ. ఎన్నిసార్లు చెప్పాలి?” అంది మీ అమ్మ, ఏడుపు ఆపుకుంటూ.

మెకానిక్ కారు కిందనుంచి ఒక ప్లగ్గు ఊడదీసి చూపించాడు. లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది.

“ఇది ఇవాళ్టి తడి కాదు సార్. నీళ్లు దిగి వారమైనా అయ్యుంటుంది.”

పక్కనే నిలబడ్డ నాకు చప్పున గుర్తొచ్చింది.

“ఒరేయ్, పోయిన వారం నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ చీలమండ లోతు నీళ్లలోకి దించింది నువ్వే కదరా! వద్దురా అంటే, దీనికి ఇంజనే లేదమ్మా, నీళ్లేం చేస్తాయి అన్నావు!”

మెకానిక్ నవ్వు దాచుకోవడానికి మళ్లీ కారు కిందికి దూరాడు. మీ అమ్మ చెయ్యి చాపింది.

మీ నాన్న తాళం ఆ చేతిలో పెట్టి, “బాగయ్యాక నువ్వే తోలుకురా. నేను వెనక కూర్చుంటాలే” అని నసిగాడు.

గుర్తుంచుకో తల్లీ. మీ అమ్మ డ్రైవింగు మీద ఎవరు నోరు పారేసుకున్నా ఇది చెప్పు. మీ నాన్న పక్కనుంటే ఇంకాస్త గట్టిగా చెప్పు.