అమ్మ పోలిక

ఆసుపత్రి వరండాలో ఎవరో ఆడమనిషి చక్రాల కుర్చీలో కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది. కాళ్ళు చూస్తే భేషుగ్గా ఉన్నాయి.

ఇవతల తల్లి గోడ పట్టుకుని నిలబడి ఉంది. కూతురికి ఒళ్ళు మండింది.

"అది ఊయల కాదండీ. నడవలేనివాళ్ళది."

ఆమె ఏమీ అనుకోలేదు. చప్పున లేచి, "రా వదినా, కూర్చో" అని తల్లిని కూర్చోబెట్టింది.

యాభై దాటిన మనిషి. నోరు ఊరుకోదు, కాలూ ఊరుకోదు. తల్లి నోరెండుతోందనగానే మెట్లన్నీ దిగి టీలు పట్టుకొచ్చింది. ఆయాసమన్నది లేదు.

"నువ్వేం చేస్తావమ్మాయ్?"

"ఎత్తు బిల్డింగులకి తాడు కట్టుకుని రంగులేస్తాను." కూతురు ఆగింది. "వేసేదాన్ని."

"దీన్నే అందరికీ పెద్దగా పెడతానని మేస్త్రీ ఒకటే ఫోన్లు," తల్లి అందుకుంది. "ఇది ఎత్తదు. నా జబ్బు తనకీ వస్తుందట. రాకముందే మంచం వేసుకుని కూర్చుంది."

"పైన ఉండగా కాళ్ళు తిమ్మిరెక్కితే?" కూతురు విసురుగా అంది. "అమ్మది మల్టిపుల్ స్క్లిరోసిస్. పరీక్ష చేయించుకున్నాను. అమ్మకున్న జన్యువే నాకూ ఉంది."

"ఉంటే?"

"ఉంటే అంటారేంటండీ. మోసేవాళ్ళకి కదా బరువు. మీకేం తెలుసు?"

ఆమె ఏదో చెప్పబోయింది. అంతలో నర్సు తల్లిని లోపలికి పిలిచింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "ఒంటికి కాపలా కాసే కణాలుంటాయి. ఎవరు మనవాళ్ళో, ఎవరు పరాయివాళ్ళో వాటికి గుర్తులు చూపించే జన్యువుల్లో ఇదొకటి. ఈ జబ్బులో కాపలావాళ్ళే పొరబడి నరాల పైతొడుగును కొరికేస్తారు. నీ జన్యువు వల్ల ఆ అవకాశం కాస్త పెరుగుతుంది, అంతే. అది ఉన్న చాలామందికి జబ్బు అసలు రాదు."

"అందరికీ ఇలాగే చెప్తారు," బయటికొస్తూ గొణిగింది కూతురు.

"నీకు చెవులు మాత్రం మీ నాన్న పోలిక. ఏదీ ఎక్కదు."

అప్పుడే స్కానింగు గదిలోంచి, ఆయా భుజం పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ ఒకామె వస్తోంది.

అదే మొహం. అదే నవ్వు.

కూతురు నిర్ఘాంతపోయింది. "ఇంతలో ఏమైందండీ మీకు? ఇందాక పరుగున వెళ్ళి టీ తెచ్చారు!"

"నేనా? నాకు మల్టిపుల్ స్క్లిరోసిస్. మెట్లు దిగి ఏళ్ళయింది తల్లీ. అది మా అక్క అయ్యుంటుంది. అందరూ ఇలాగే పొరబడతారు."

"ఆవిడేరీ?"

"బస్సు డ్రైవరు కదా, డ్యూటీకి వెళ్ళిపోయింది. నాకోసం మా ఆయన కింద ఉన్నాడులే."

"ఆవిడకి... ఈ జబ్బు?"

"దానికేం, గుర్రంలా ఉంది. ఇక్కడి డాక్టర్లు మా ఇద్దరి రక్తం పక్కపక్కన పెట్టి చూస్తూనే ఉంటారు. వాళ్ళకే అంతుపట్టదు."

కూతురు కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కింద ఆమె జాడ లేదు.

ఫోను మోగింది. ఈసారి ఎత్తింది.

"వస్తున్నా మేస్త్రీ. తాళ్ళు సిద్ధం చెయ్యండి. పై అంతస్తు నాదే."

ఆ బస్సు ఎటు వెళ్ళిందో, ఎక్కడ ఆపి దండం పెట్టాలో తెలియదు గానీ, దాన్ని తోలుతున్నది మాత్రం ఒకే పిండం రెండై, ఈ చెల్లెలి ప్రతి జన్యువునూ పొల్లుపోకుండా ఒంట్లో మోస్తూ పుట్టిన అక్క.